లాకౌట్ పందిట్లో ఆరు అయస్కాంతాలు

మా చదువుల కాలంలో కంప్యూటరు అన్నది కంటితో చూసే వస్తువు కాదు, పోస్టులో పలకరించే వస్తువు. మద్రాసులో ఎక్కడో ఒక చల్లటి గదిలో ఒకటి ఉండేదట. మనకు ఏదైనా లెక్క కావాలంటే అట్టముక్కల మీద చిల్లులు పొడిపించి, వరస తప్పకుండా కట్ట కట్టి పంపించాలి. పది రోజులకో పదిహేను రోజులకో ఆ కట్ట తిరిగి వచ్చేది. దాని మీద ఒక కాగితం, ఆ కాగితం మీద ఒకే ఒక్క మాట: తప్పు. ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో చెప్పేది కాదు. (మా నాన్న కూడా అంతే. అందువల్ల నాకు కంప్యూటరంటే మొదటినుంచీ ఇంటిమనిషి అన్న భావమే ఉండేది.) ఇప్పటివాళ్ళకు ఇదంతా చెబితే జాలిగా చూస్తారు. జాలిపడవలసినంత కష్టం నిజంగా లేదు. జవాబు రావడానికి పదిహేను రోజులు పట్టేది కాబట్టి, మన తెలివితక్కువతనం బయటపడటానికి కూడా పదిహేను రోజులు పట్టేది. అంత తీరుబడి మళ్ళీ నా జీవితంలో దొరకలేదు.

మాది కోయంబత్తూరులో సింగానల్లూరు వైపు ఒక మిల్లు కాలనీ. మా పూర్వీకులు తెలుగుదేశం నుంచి ఎన్ని వందల ఏళ్ళ కిందట వచ్చారో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక నేర్చుకున్నాను. పుస్తకాలు చూసి నేర్చుకున్నది కాబట్టే ఇంత శుభ్రంగా రాస్తున్నాను, మాట్లాడితే మీకు సగం కూడా అర్థం కాదు. అమ్మ లేదు. నన్ను పెంచింది మా అత్త, నాన్నకు అక్క. మిల్లులో వైండింగ్ సెక్షన్. అంటే కండెల మీది నూలును పెద్ద బొంగరంలాంటి కోనుల మీదకు చుట్టే చోట, తెగిన దారాన్ని చిటికెలో ముడివేస్తూ ఇరవై ఆరేళ్ళు నిలబడిన మనిషి. చదువు మూడో క్లాసు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు. ఆ తేడా గురించి నాకు అప్పట్లో చాలా గట్టి అభిప్రాయాలు ఉండేవి.

మా గైడును మేము దశాంశం సారు అనేవాళ్ళం. బస్సు ఎప్పుడొస్తుంది సార్ అంటే ‘నాలుగుంపావు’ అనరు, ‘నాలుగు పాయింట్ రెండు అయిదు’ అంటారు. ఆయన పని, చిన్న చిన్న అయస్కాంతాల్లాంటి అణువులు గుంపుగా ఉన్నప్పుడు ఎలా నడుచుకుంటాయో లెక్క కట్టడం. ఒక అణువైతే కాగితం మీద తేలిపోతుంది. గుంపు అయితే ఒకదాని సంగతి ఇంకొకదాని మీద ఆధారపడి లెక్క పుట్టలా పెరుగుతుంది. ఆయన దానికోసం ఒక ప్రోగ్రాము రాసి మద్రాసుకు పంపించారు. అది వచ్చినప్పుడల్లా తప్పు, తప్పు. ఒకసారి తప్పు అనకుండా ఏదో సంఖ్య వచ్చింది. అది సరైనదో కాదో తెలియక ఆయనకు అంతకంటే ఎక్కువ దిగులు పట్టుకుంది. నన్ను పిలిచి, ‘ఆరు అణువులకి చేత్తో చేసి తీసుకురా. సోమవారానికి. నాలుగు దశాంశాలు సరిగ్గా ఉండాలి’ అన్నారు. ‘లేకపోతే ఆముదం ఉండనే ఉంది.’

ఆముదం అంటే బెదిరింపే. మా డిపార్టుమెంటులో ఆడపిల్లలందరికీ ప్రాజెక్టు ఒకటే ఇచ్చేవారు: ఆముదం జిగట కొలవడం. గాజు గొట్టంలో ఆముదం పోసి అందులో ఇనుప గుండు వదిలి, అది అడుగుకు చేరేదాకా గడియారం పట్టుకుని కూర్చోవడం. నాకు ముందు చదివిన నలుగురు అక్కలు ఆముదమే కొలిచారు, నలుగురికీ అదే జవాబు వచ్చింది. నేను అయిదోదాన్ని కాకూడదని ఒట్టు పెట్టుకుని ఉన్నాను. అందుకే సారు ‘లెక్కల మిషను కూడా ఖాళీ లేదు, ఎట్లా చేస్తావు?’ అంటే, ఏ మాత్రం ఆలోచించకుండా ‘మా మిల్లు వైపు ఏర్పాటు ఉంది సార్’ అనేశాను. ఏ ఏర్పాటూ లేదు. మిల్లే లేదు. అప్పటికి మూడో వారం లాకౌట్.

లాకౌట్ వైండింగ్ గురించే వచ్చింది. ఇకనుంచి ఇద్దరి పని ఒకరు చెయ్యాలని మేనేజ్‌మెంటు అంది, చెయ్యమని వీళ్ళన్నారు, గేటుకు తాళం పడింది. సంఘం వాళ్ళు గేటు ఎదురుగా తాటాకు పందిరి వేశారు. కాలనీ అంతా పొద్దున వంట ముగించుకుని వచ్చి ఆ పందిట్లో కూర్చునేది. మొదటి వారం నినాదాలు ఇచ్చారు. రెండో వారం పాటలు పాడారు. మూడో వారానికి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తప్ప ఏమీ మిగల్లేదు. నేను మంగళవారమంతా ఇంట్లో ఒక్కదాన్నే కుస్తీ పట్టి, లెక్క మూడుసార్లు చేసి, మూడు జవాబులు తెచ్చుకుని, బుధవారం అత్తకు అన్నం తీసుకుని పందిటికి వెళ్ళి అక్కడే ఒక మూల కాగితాలు పరచుకున్నాను. అత్త అన్నం తింటూ నా వైపు చూసింది.

‘ఏమి సేస్తుండావు అమ్మణీ, మూలన కూర్చోని?’

‘కణక్కు అత్తా.’ (లెక్కను మేము కణక్కు అంటాం, తమిళుల దగ్గర తీసుకుని మళ్ళీ ఇవ్వలేదు.)

‘ఎవుర్ది?’

‘ఆరు అయస్కాంతాలది.’

‘వాటికి కణక్కు ఏంటికి?’

చదువుకున్నదాన్ని కాబట్టి వివరించాను. ఆరుగురు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారనుకో. ఒక్కొక్కరూ పైకైనా చూడాలి, కిందికైనా చూడాలి. మొత్తం మీద ముగ్గురు పైకి, ముగ్గురు కిందికి. పక్కపక్కవాళ్ళకు ఒకరంటే ఒకరికి పడదు, ఒకరు పైకి చూస్తే రెండోవాళ్ళు కిందికి చూడాలనుకుంటారు.

‘మన లైను ఇండ్లు మాదిరి’ అంది అత్త. ‘అయితే ఒకరు పైకి, ఒకరు కిందికి, ఒకరు పైకి, ఒకరు కిందికి. అయిపాయె కణక్కు.’

‘అట్ట నిలబడవు అత్తా. ఇది క్వాంటం. మొత్తం ఇరవై రకాలుగా నిలబడచ్చు. ఆ ఇరవై రకాలుగానూ ఒకేసారి నిలబడుంటాయి. ఏ రకం ఎంత పాలు అనేదే కణక్కు.’

‘ఒకేసారి ఇరవై రకాలా?’ అత్త చెయ్యి కడుక్కుంటూ ఆలోచించింది. ‘మీ మామ అట్టే ఉండె.’ (మామ అప్పటికి పోయి పదేళ్ళయింది. ఆయన గురించి అత్త అన్న మాటల్లో ఇదే మర్యాదైనది.)

ఇంతకీ నా కష్టం ఎక్కడ అంటే, ఇరవై రకాలకూ ఇరవై సంఖ్యలు పెట్టుకోవాలి. మొదట అన్నీ ఒకట్లు. ఒక రకంలో పక్కపక్కనున్న పైచూపునూ కిందిచూపునూ అటుదిటు మారిస్తే ఇంకో రకం వస్తుంది. ఆ రెండు రకాలూ చుట్టాలు. ఒక్కో రకానికి రెండు గాని, నాలుగు గాని, ఆరు గాని చుట్టాలు ఉంటాయి. ప్రతి రౌండులోనూ ఒక్కొక్కటీ తన సంఖ్యను తన చుట్టాల లెక్కతో గుణించుకుని, చుట్టాలందరి సంఖ్యలూ దానికి కలుపుకోవాలి. అదే దాని కొత్త సంఖ్య. ఇలా రౌండు తర్వాత రౌండు చేస్తూ పోతే చివరకు అందరూ ఒకే మోతాదులో పెరగడం మొదలవుతుంది. ఆ మోతాదులోంచి మూడు తీసేసి సగం చేస్తే సారుకు కావలసిన శక్తి. ఇంత చెప్పేసరికి చుట్టూ జనం చేరారు. అత్త అంది, ‘ఇరవై మంది కావాల, అంతేగదా. ఇక్కడ నూటేబై మంది పని లేకుండా సుమ్మా కూర్చోనుండారు. తలా ఒకటి ఇచ్చెయ్.’

పందిరి సంఘానిది కాబట్టి సంఘం సెక్రెటరీ అనుమతి కావాలి. ఆయనకు మా కాలనీలో సంఘం మామ అని పేరు. ఆయన నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: ‘అందరికీ ఒకటే రూలా?’ అందరికీ ఒకటే రూలు మామా, మొదలుపెట్టేది కూడా అందరూ ఒకటితోనే అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ‘ఇది కదా సైన్సు’ అని, తనకూ ఒక చీటీ కావాలన్నారు. పాత నోటీసుల వెనకవైపు ఇరవై రకాల బొమ్మలూ గీసి చీట్లు వేశాను. ఇరవై మంది తీశారు. ఒకటి పైన ఒకటి కింద అని అత్త చెప్పిన ఆ చక్కటి రకం చీట్లు రెండు ఉంటాయి. వాటికి ఆరేసి చుట్టాలు. అందులో ఒకటి చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి అన్నకు వచ్చింది, ఆయన దాన్ని ప్రభువు కృప అన్నారు. రెండోది టైం కీపర్ అన్నకు వచ్చింది. మిల్లులో హాజరు పట్టేవాడు, కూలివాడూ కాడు, మేనేజ్‌మెంటూ కాడు, అందుచేత పందిరి నిట్రాటకు ఆనుకుని సగం నీడలో సగం ఎండలో కూర్చునేవాడు. ఇక సంఘం మామకు వచ్చింది, ముగ్గురు పైచూపులూ ఒకేచోట గుమికూడి ఉన్న రకం. దానికి ఇద్దరే చుట్టాలు.

మొదటి రౌండులోనే గొడవ మొదలైంది. చుట్టాలు ఒకరి సంఖ్య ఒకరిని అడగాలి కదా. పంపు పక్కింటి అక్కా, ఆమె ఎదురింటి వదినా చుట్టాలుగా పడ్డారు. వాళ్ళిద్దరికీ నాలుగేళ్ళుగా మాటల్లేవు, కారణం ఒక రుబ్బురోలు. ‘ఆమెని నేను అడగేది లేదు’ అని ఈమె, ‘ఆమెకి నేను సెప్పేది లేదు’ అని ఆమె. నేను చీట్లు మారుస్తానంటే అత్త ఒప్పుకోలేదు. ‘మొగాన మొగం పెట్టి సెప్పొద్దు. పైకి సూసి సెప్పండి, గాలికి సెప్పినట్ట’ అంది. అలాగే చేశారు. ఒకావిడ తాటాకుల వైపు చూసి ‘ఎనిమిది!’ అని అరిచేది, రెండో ఆవిడ గేటు వైపు చూసి ‘ఎనిమిది!’ అని అరిచేది. రెండో రౌండులో ఇద్దరివీ అరవై నాలుగు. మూడో రౌండులో ఇద్దరివీ అయిదువందల ఇరవై ఎనిమిది. ‘నా దాన్ని సూసి రాస్తుండాది’ అని పంపు పక్కక్క ఏడుపు మొహం పెట్టింది. నేను ఆమెను పక్కకు పిలిచి, ‘అది యాదృచ్ఛికం అక్కా’ అని ఓదార్చాను. నా పుస్తకంలో సమరూపత మీద డెబ్బై పేజీలు ఉన్నాయి. ఆ పేపర్లో నాకు ఎనభై ఒకటి మార్కులు. అయినా ఆ మాట ఏ మాత్రం తడబడకుండా అన్నాను.

అంతలో సంఘం మామ మొహం మాడటం మొదలైంది. అందరితోపాటు ఒకటితో మొదలైన మనిషి. మొదటి రౌండుకు ఆయనకు నాలుగు, టైం కీపర్ అన్నకు పన్నెండు. రెండో రౌండుకు ఆయనది ఇరవై నాలుగు, అతనిది నూట ఇరవై. మూడో రౌండుకు ఆయనది నూట డెబ్బై ఆరు, అతనిది వెయ్యినూట నాలుగు. ‘మూడింతలుండె, అయిదింతలాయె, ఇప్పుడు ఆరింతలు. ఒకటే రూలంటివే అమ్మణీ!’ అన్నారు. రూలు ఒకటే మామా, మీకు చుట్టాలు తక్కువ అన్నాను. ‘పలుకుబడి ఉన్నోడికే పెరుగుతాది అను’ అన్నారాయన, టైం కీపర్ వైపు చూస్తూ. పాపం అతను మాత్రం మూడు వారాల్లో మొదటిసారి నవ్వుతూ కనిపించాడు. మిల్లులో ఇన్నేళ్ళూ ఇతరుల హాజరు రాయడమే తప్ప తనకంటూ ఏదీ పెరిగి ఎరగడు.

గురువారం నాలుగో రౌండు పూర్తికాగానే పంపు పక్కక్క గాలికి ‘నాలుగువేల ఎనిమిదివందలు’ అని చెప్పింది. ఎదురింటి వదిన గాలికి ‘నాలుగువేల నాలుగువందల నలబై ఎనిమిది’ అంది. ‘నాకంటే నీకు ఏంటికి ఎక్కువ?’ అని వదిన నాలుగేళ్ళలో మొదటిసారి నేరుగా అక్క మొహంలోకి చూసి అడిగింది. అంతే, రుబ్బురోలు కూడా బయటికి వచ్చేసింది. పందిరంతా లేచి నిలబడింది. నా కాగితాలు ఎవరి కాళ్ళకిందో పడ్డాయి. నాకు కళ్ళముందు గాజు గొట్టం, అందులో మెల్లగా దిగుతున్న ఇనుప గుండు కనిపించాయి. తప్పు ఎక్కడుందో వెతకాలంటే ఇరవై మందివీ నాలుగు రౌండ్లు మళ్ళీ చెయ్యాలి. మద్రాసు మిషను మా సారుకు చేసిన మర్యాదే ఇదీనూ: తప్పు, అంతే.

అత్త మాత్రం తొందరపడలేదు. వరసల మధ్య నడుస్తూ అందరి చీట్లూ చూసుకుంటూ వచ్చింది, మిల్లులో కోనులు చూసుకుంటూ నడిచినట్టే. ఆవిడ చదవలేదు, చూసింది. అంకెలు ఆవిడకు నూలు చుట్టలాగే, ఏది లావో ఏది సన్నమో చాలు. తిరిగి వచ్చి అంది, ‘పన్నెండు మందికి ఎప్పుడూ ఒకటే వస్తుండె. ఇప్పుడు పది మందికి ఒకటి, ఇద్దరికి ఇంకోటి. ఆ ఇద్దరికీ చుట్టం ఎవురు? అడుగున ఆరుగురికి ఒకటే వస్తుండె. ఇప్పుడు అయిదుగురికి ఒకటి, ఒకడికి మాత్రం ఇంకోటి.’ ఆవిడ సంఘం మామ ముందు ఆగింది. ‘ఏమన్నా, ఏమి సేస్తివి?’

ఆయన దాచలేదు. మూడో రౌండులో నూట డెబ్బై ఆరు కొట్టేసి అయిదువందల ఇరవై ఎనిమిది రాసుకున్నారట, నడిమి పన్నెండుమందితో సమానంగా. ‘నా కోసమా నేను పెంచుకునింది? అడుగునుండే ఆరుగురి కోసం!’ అని గొంతు పెంచారు.

‘మిగతా అయిదుగురికీ పెంచలేదే?’

‘అది రెండో దఫా పోరాటం’ అన్నారు సంఘం మామ.

నేను ఏడుపు ఆపుకోలేక మొదటినుంచీ చేద్దామన్నాను. అత్త ఒప్పుకోలేదు. ‘పోనీ, ఇట్టే సేసి సూద్దాం, ఏమవుతాదో’ అంది. అలా ఇంకో రెండు రౌండ్లు నడిపించింది. మామ గుడ్లప్పగించి చూస్తూ ఉన్నారు. మిగతా అయిదుగురికంటే మూడింతలు పెంచుకున్న మనిషి. అది ఒక రౌండుకు ఒకటిన్నర ఇంతలైంది, తర్వాత మరీ తగ్గింది, తర్వాత వాళ్ళకంటే పన్నెండో వంతు మాత్రమే ఎక్కువ. ఎవరూ ఆయన దగ్గర లాక్కోలేదు, అదంతట అదే కరిగి అందరిలోనూ కలిసిపోతోంది. ఇలాంటి లెక్క తప్పుల్ని తనే కడిగేసుకుంటుందని సారు ఎప్పుడో క్లాసులో చెప్పారు. నేను అప్పుడు నోటుబుక్కులో నెమలి బొమ్మ వేసుకుంటున్నాను. ‘ఏమి పెంచినా మళ్ళా ఆడికే తీసకపోతుండాది’ అని మామ నిట్టూర్చారు. ‘ఇది మేనేజ్‌మెంటు కణక్కు.’

శుక్రవారం పొద్దున అత్త ఆ మాట అంది. దోసె పోస్తూ, నా వైపు తిరగకుండా. ‘అమ్మణీ, ఆ పన్నెండు మందికీ ఎప్పుడూ ఒకటే వచ్చేదానికి పన్నెండు మంది ఏంటికి? ఒకరు సాలు. అడుగున ఆరుగురికీ ఒకరు. పెద్దవాళ్ళు ఇద్దరికీ ఒకరు. ముగ్గురు సాలును గదా?’

‘అట్ట కుదరదు అత్తా, అది క్వాంటం’ అన్నాను, నోట్లో దోసెతో.

అన్నాక చెయ్యి ఆగిపోయింది. కాగితం తీశాను. నడిమి రకం ఏది తీసుకున్నా దాని చుట్టాలు ఒక పెద్ద, ఒక చిన్న, ఇద్దరు తనలాంటి నడిమివాళ్ళే. పన్నెండింటికీ అంతే, ఒక్కటి కూడా తప్పలేదు. పెద్దదానికి ఆరుగురూ నడిమివాళ్ళే. చిన్నదానికి ఇద్దరూ నడిమివాళ్ళే. ఇరవై వరసల లెక్క మూడు వరసలు. ఎనభై ఒక్క మార్కుల సమరూపత అంతా ఆ మూడు వరసల్లో ఉంది. దోసె చల్లారిపోయింది. ‘బాగలేదా?’ అంది అత్త. బాగుందన్నాను. ఆవిడ దోసె గురించే అడిగింది, నేను దేని గురించి చెప్పానో నాకు తెలియదు.

పందిట్లో ఈ సంగతి చెప్పగానే నేను ఊహించనిది జరిగింది. ‘అయితే మేము పదిహేడు మందీ పొయ్యేదా?’ అని ఎదురింటి వదిన లేచింది. సంఘం మామ మొహం ఎర్రబడింది. ‘ఇరవై మంది పని ముగ్గురితో! ఆళ్ళని తగ్గించేది! ఇదేగదా మేనేజ్‌మెంటు కూడా సెప్పింది? దీని కోసరమేగదా మనం ఈడ కూర్చోనుండేది? మన వైండింగ్ అక్కే సెప్పిందంటే ఏమి అర్థం?’ అన్నారు. అందరూ అత్త వైపు తిరిగారు. నవ్వులాట అనుకున్నది ఒక్కసారిగా నవ్వులాట కాకుండా పోయింది. అత్త కొంగు దోపుకుని నిదానంగా చెప్పింది: ‘మిల్లులో మనిషిని తగ్గిస్తే ఇంట్లో పొయ్యి ఎలగదు. ఈడ తగ్గిస్తే ఇంటికి బొయ్యి పొయ్యి ఎలిగించుకునేదానికి టైం దొరుకుతాది. రెండూ ఒకటా అన్నా?’ చివరకు ఒక ఒప్పందం కుదిరింది. లెక్క ముగ్గురు చేస్తారు. పదిహేడు మందీ తమ తమ స్థానాల్లోనే ఉండి సరిచూస్తారు. ఎవరినీ తీసెయ్యడం లేదు. ఆ ఒప్పందం నోటీసు వెనక రాసి నా చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. (లాకౌట్ మొత్తంలో మా సంఘం పూర్తిగా గెలిచిన ఒప్పందం అదొక్కటే.)

అలా ముగ్గురు లెక్క చేస్తూ పదిహేడు మంది వాళ్ళమీద వంగి చూస్తూ ఉండగా దశాంశం సారు సైకిలు దిగారు. మిల్లు వైపు ఏర్పాటు అంటే మిల్లులో ఏదో కొత్త మిషను వచ్చిందనుకుని చూడ్డానికి వచ్చారట. ‘మిషను ఎక్కడమ్మా?’ అన్నారు తమిళంలో. నేను లేచి నిలబడి చాప వైపు చెయ్యి చూపించాను. ఇప్పుడు పంపు పక్కక్క పెద్దది, ఎదురింటి వదిన చిన్నది, అత్త నడిమిది. ముగ్గురూ మధ్యలో అనపకాయల చాట పెట్టుకుని ఒలుస్తూ లెక్క చెబుతున్నారు. (అక్కా వదినా అప్పటికి గాలికి చెప్పడం మానేశారు. నేరుగా చెప్పుకోవడం త్వరగా అవుతుందని తెలిసింది.) సారు చాపమీద కూర్చుని నా కాగితం తీసుకున్నారు. మూడు వరసలు చూశారు. పదిహేనో రౌండు చూశారు. మోతాదు ఎనిమిది పాయింట్ ఆరు సున్నా అయిదు ఆరు. మూడు తీసేసి సగం చేసి, రెండు పాయింట్ ఎనిమిది సున్నా రెండు ఎనిమిది అన్నారు, ప్రార్థనలా. తర్వాత నా మొహంలోకి చూసి, ‘సమరూపత వాడావన్నమాట. ఇది నీకు తట్టిందా?’ అన్నారు. ఆయన ఎవరినైనా మెచ్చుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

నేను మూడు సెకన్లు ఊరుకున్నాను. సారు అలవాటు ప్రకారం చెప్పాలంటే మూడు పాయింట్ సున్నా. ఆ మూడు సెకన్లలో నేను అవును అన్నాను, ప్రాజెక్టు తెచ్చుకున్నాను, డాక్టరేటు తీసుకున్నాను, రాసేదంతా ఇంగ్లీషులోనే, అది అత్తకు రాదు కాబట్టి ఎప్పటికీ తెలియదని కూడా లెక్క వేసుకున్నాను. అత్త అనపకాయలు ఒలుస్తూనే ఉంది, మేము మాట్లాడుతున్న తమిళం ఆవిడకు శుభ్రంగా తెలుసు, తల మాత్రం ఎత్తలేదు. ‘లేదు సార్. మా అత్తకి’ అన్నాను.

‘ఏ కాలేజీ?’ అన్నారు సారు.

‘వైండింగ్ సెక్షన్ సార్.’

ఆయన చాప మీద అటు తిరిగి కూర్చున్నారు. ఆ తర్వాత గంటసేపు నేను అక్కడ ఉన్నట్టు ఆయనకు గుర్తు లేదు. ఎనిమిది అయస్కాంతాలైతే ఎలా అమ్మా అని అడిగారు. ఎన్ని రకాలు వస్తాయని అత్త అడిగింది. డెబ్బై అన్నారు. ‘డెబ్బై మందిని కూర్చోబెట్టకండి సార్. ముందు ఒక్కోదానికి చుట్టాలు ఎవురెవురో రాయండి. ఒకేమాదిరి చుట్టాలుండేవాళ్ళని ఒక కుప్ప వెయ్యండి. కుప్పలు ఎన్నో అంతమంది సాలు’ అంది. సారు జేబులోంచి పెన్ను తీసి తన చేతి మీద రాసుకున్నారు, కాగితం పక్కనే ఉండగా. వెళ్ళేటప్పుడు సైకిలు పట్టుకుని నాతో, ‘నువ్వు ఏడాది చదివి పరీక్ష రాసింది ఆవిడ నడుస్తూ చూసింది. అయినా నిజం చెప్పావు. ఆముదం వేరేవాళ్ళకి ఇస్తాను’ అన్నారు. తర్వాతి ఏడాదినుంచీ ఆయన ఆముదం మగపిల్లలకు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. దాన్ని నేను చేసిన సంఘసంస్కరణ కింద జమ వేసుకుంటాను.

కొన్ని వారాలకు మద్రాసునుంచి సరిచేసిన కట్ట జవాబుతో వచ్చింది. నాలుగు దశాంశాలూ మావే. నేను పరుగున వెళ్ళి అత్తతో చెప్పాను. ఆ మిషను ముగ్గురితో చేసిందా ఇరవై మందితో చేసిందా అని అడిగింది. ఇరవైతోనే అన్నాను, ప్రోగ్రాము అలాగే రాసి ఉంది. ‘అయ్యో పాపం, దానికి ఎవురూ సెప్పలేదు’ అంది అత్త. అప్పటికి లాకౌట్ ముగిసింది. ఇద్దరి పని ఒకరు కాదు, ముగ్గురి పని ఇద్దరు అని తేల్చారు. సంఘం మామ దాన్ని విజయం అన్నారు, అంటూ ఎవరి మొహంలోకీ చూడలేదు. అత్త మళ్ళీ నిలబడే పనికి వెళ్ళింది.

మరుసటి ఏడాది సారు ఆ లెక్క మీద ఒక చిన్న పేపరు రాశారు. చివర కృతజ్ఞతలు చెప్పే చోట పెట్టడానికి అత్త పూర్తి పేరు కావాలన్నారు. నాకు తెలియదు. ఆవిడ చేతి అన్నం తిని ఇరవై రెండేళ్ళు పెరిగాను, నాకు అత్త, కాలనీకి అక్క, అంతే. ఇంటికి వచ్చి అడిగితే అత్త ముందు సిగ్గుపడింది, తర్వాత ‘ఏంటికి?’ అని అనుమానపడింది, చివరకు తలుపు దగ్గరికి వేసి చెప్పింది. (ఇక్కడ రాయను. ఆ పేరు అచ్చులో ఒక్కసారే పడింది, అలాగే ఉండనీ.) పేపరు వచ్చాక వేలితో చూపించాను. ఇంగ్లీషు అక్షరాలు, ఆవిడకు రావు. అయినా కళ్ళద్దాలు పెట్టుకుని, దగ్గరికి, దూరానికి, మళ్ళీ దగ్గరికి పట్టుకుని చూసింది. ‘ఇంత సిన్నగా ఏసినారే’ అంది. మళ్ళీ చూసింది. తర్వాత ఎన్నో ఏళ్ళకు నా పేరు పైన పెద్ద అక్షరాలతో అచ్చయిన పేపర్లు కొన్ని వచ్చాయి, బీరువాలో ఉన్నాయి. వాటిలో దేన్నీ ఎవరూ అంతసేపు చూడలేదు. నేను కూడా.